గంగారంలో మూడు రంగు రీళ్ళు

వెండితెర మీద హీరోయిన్ క్లోజప్ పడగానే "అబ్బ, ఏం కలర్రా!" అని పక్కవాడి భుజం చరచని కుర్రవాడు మన హాళ్ళలో ఎక్కడైనా ఉన్నాడా? సరే, ఆ కలరు ఎవరిది? ఆ అమ్మాయిదా, మేకప్‌మాన్‌దా, కెమెరాలో తిరిగిన ఫిల్ముదా? ఈ ప్రశ్న మాత్రం ఎవరూ వెయ్యరు. ఇంటర్వెల్లో సోడా తాగి మళ్ళీ సీట్లో కూర్చుంటారు.

ఈ మధ్య ఆ ప్రశ్న నా వెంటపడింది. జవాబు కోసం నేను ఏ స్టూడియోకీ పోలేదు. గంగారం పోయాను!

ఏ గంగారం?

తెలంగాణలో ఆ పేరుగల ఊళ్ళు చాలానే ఉన్నాయి. భూపాలపల్లి వైపు కూడా ఒక గంగారం ఉంది. నేను చెప్పేది మహబూబాబాద్ జిల్లా గంగారం. ఒకప్పుడు వరంగల్ జిల్లా కొత్తగూడ మండలంలో ఉండేది. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు కొత్త జిల్లాతోపాటు తనూ ఒక మండల కేంద్రమైంది. చుట్టూ అడవి. ఎక్కువమంది కోయవాళ్ళు. బయటివాళ్ళు "ఏజెన్సీ" అంటారు. అక్కడివాళ్ళు "మా ఊరు" అంటారు.

వరంగల్ నుంచి నర్సంపేట దాకా మామూలు ప్రయాణమే. నర్సంపేట దాటాక పాకాల వస్తుంది. కాకతీయ గణపతిదేవుడి కాలం నాటి చెరువు. చెరువని పేరేగానీ గట్టు మీద నిలబడితే అవతలి ఒడ్డు కొండల్లో కలిసిపోతుంది. అక్కణ్ణుంచి అడవిలో దారి. మార్చి నెల మొదటి వారం. ఆకు రాలిన కొమ్మల మీద మోదుగు పూలు విరగబూసి ఉన్నాయి. ఆకుపచ్చ లేదు, నీడ లేదు, ఒంటినిండా కాషాయం! కలర్ ఫిల్ము కనిపెట్టినవాడు ముందు మోదుగు చెట్టుని చూసి ఉంటాడని ఒట్టేసి చెప్పగలను.

ఈ మండలంలోనే పూనుగొండ్ల అనే ఊరుంది. మేడారం సమ్మక్క జాతర మీకందరికీ తెలుసు కదా! సమ్మక్క భర్త పగిడిద్దరాజుది ఈ పూనుగొండ్లే. రెండేళ్ళకోసారి మాఘమాసంలో జాతరకి ఆయన్ని ఇక్కణ్ణుంచే అడవి దారిన కాలినడకన తీసుకుపోతారు. అంటే గంగారం వాళ్ళు వియ్యాలవారి వైపు మనుషులన్నమాట!

అక్కడి ఆశ్రమ పాఠశాలలో నా స్నేహితుడొకడు పంతులు. "మా పక్కింటి అవ్వ ఫొటో కావాలంటోంది. ఫోనులో తీస్తే వద్దంటోంది. నీ పాత డబ్బా కెమెరా పట్టుకురా" అని కబురు పెట్టాడు. నా పాత డబ్బా అంటే నికాన్ ఎఫ్‌ఎం2. 1982లో వచ్చిన మోడలు. బాటరీ అయిపోయినా మీటరొక్కటే పడుకుంటుంది, కెమెరా పనిచేస్తుంది. దానికి 85 ఎం.ఎం. లెన్సు. మొహాలు తీయడానికి అంతకంటే మంచి జోడీ నాకు తెలీదు.

సంచిలో మూడు డబ్బాలు

ఇక అసలు తంటా. ఏ రీలు పట్టుకుపోవాలి?

రంగు రీలంటే ఒకటే అనుకునేరు. కాదు. రంగు నెగటివ్‌లో ఒకదానిమీద ఒకటి మూడు రకాల పొరలుంటాయి. ఒకటి నీలం వెలుతురుని, ఒకటి ఆకుపచ్చని, ఒకటి ఎరుపుని పట్టుకుంటుంది. కడిగేటప్పుడు ఆ పొరల్లో పసుపు, మెజెంటా, సయాన్ అనే మూడు రంగులు పుడతాయి. ఏ పొర ఎంత ఘాటుగా ఉండాలి, ఏ రంగు ఎక్కడ తగ్గాలి అనేది తయారుచేసేవాడు ముందే నిర్ణయిస్తాడు. ఒకే వంకాయని నలుగురు వండితే నాలుగు రుచులు కదా, అలాగే.

నేను మూడు రకాలు తీసుకున్నాను. ఒకటి కొడాక్ గోల్డ్ 200. బంగారం పేరు పెట్టుకున్నందుకు కాస్త పసుపు వెచ్చదనం ఉంటుంది. సాయంత్రం ఎండలో బాగా మెరుస్తుంది. మేడారం వైపు "బంగారం" అంటే బెల్లమని మీకు తెలుసు. ఈ గోల్డు కూడా అంతే, తియ్యగా ఉంటుంది, ధర కూడా మిగతావాటికంటే నయం.

రెండోది ఎక్టార్ 100. 2008లో వచ్చింది. గ్రెయిన్ బహు సన్నం. రంగులు ఘాటు. మోదుగు పువ్వుకి, ఎర్రచీరకి, కొండకి, చెరువుకి ఇది రాజా. మొహం దగ్గరికొచ్చేసరికి ఎరుపు కొంచెం ఎక్కువ పూస్తుంది.

మూడోది పోర్ట్రా 400. పేరులోనే పోర్ట్రెయిట్ ఉంది. 1998లో మొదలైన వరుస ఇది. ఇప్పుడు దొరికే 400 రకం 2010లో మార్చి తయారుచేసినది. అందులో సినిమాలకు వాడే విజన్ ఫిల్ము నుంచి వచ్చిన పనితనం ఉంది. రంగులు మెత్తన. చర్మం దగ్గర గొడవ చెయ్యదు. దాని బాధల్లా ధర. ఒక్క రీలు వెయ్యి రూపాయలు దాటిపోయింది. ఉండేది 36 బొమ్మలు. ఆ డబ్బుతో ఇంటిల్లిపాదీ సినిమా చూసి రావచ్చు!

"ఫ్యూజీ ప్రో 400హెచ్ సంగతేమిటి?" అని తెలిసినవాళ్ళు అడుగుతారు. పెళ్ళి ఫొటోగ్రాఫర్లు ప్రాణంగా చూసుకున్న రీలది. 2021లో కంపెనీ ఆపేసింది. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పుకుందాం.

షర్లీ అనే అమ్మాయి

ఇక్కడొక కథ చెప్పాలి. ఇది సినిమా కథకేమీ తీసిపోదు.

అమెరికాలో 1950ల నుంచి కొడాక్ కంపెనీ ఫొటో లాబ్‌లకి ఒక నమూనా కార్డు పంపేది. అందులో ఒక తెల్లమ్మాయి బొమ్మ. మొదట అలా దిగిన ఉద్యోగిని పేరు షర్లీ. తర్వాత బొమ్మలో అమ్మాయిలు మారినా పేరు మాత్రం "షర్లీ కార్డు" అనే ఉండిపోయింది. లాబ్‌లో ప్రింటు వేసేవాడు ఆ కార్డు పక్కన పెట్టుకుని, షర్లీ చర్మం సరిగ్గా వచ్చిందా లేదా చూసి మిషన్ సరిచేసుకునేవాడు. షర్లీ బాగుంటే లోకమంతా బాగున్నట్టే!

మరి నల్లని మొహాల సంగతో? నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ పక్కపక్కన నిలబడితే తెల్ల మొహం చక్కగా వచ్చేది, నల్ల మొహంలో కళ్ళూ పళ్ళూ తప్ప ఏమీ కనిపించేవి కావు. 1970ల చివర ఫ్రెంచి దర్శకుడు జాన్ లూక్ గొడార్ మొజాంబిక్ దేశంలో పనికి వెళ్ళి, ఈ ఫిల్ముకే జాతి వివక్ష ఉంది, నేను వాడనన్నాడు.

తర్వాత ఫిల్ము మెరుగుపడింది. ఎందుకో తెలుసా? మనుషుల కోసం కాదుట! చాక్లెట్ కంపెనీలు "మా చాక్లెట్ల రంగు తేడాలు ఫొటోలో తెలియడంలేదు" అన్నాయి. కుర్చీలూ బల్లలూ అమ్మేవాళ్ళు "మా చెక్క రంగులు తెలియడంలేదు" అన్నారు. అప్పుడు గోధుమరంగు, ముదురురంగుల మీద దృష్టి పెట్టారని ఆ కంపెనీలో పనిచేసినవాళ్ళే తర్వాత చెప్పారు. 1990లలో గానీ రకరకాల జాతుల అమ్మాయిలతో కార్డులు రాలేదు. చాక్లెట్ పుణ్యమా అని మన మొహాలకి మోక్షం!

మన తెర మీద

మన సంగతీ చూద్దాం. తెలుగులో పూర్తి రంగుల మొదటి చిత్రం 'లవకుశ'. 1963. బెల్జియం వాళ్ళ గేవాకలర్. డబ్బు చాలక మధ్యలో ఆగి, దాదాపు అయిదేళ్ళకి పూర్తయింది. రంగంటే అంత ఖరీదు మరి! 1965లో 'తేనె మనసులు'తో సాంఘికం కూడా ఈస్ట్‌మన్ కలర్‌లోకి వచ్చింది. ఆ తర్వాత రంగుల జాతరే. ఆ జాతరలో నల్లని మొహానికి మాత్రం ముందు పౌడరు పడేది, తర్వాతే లైటు పడేది.

1978లో 'మరో చరిత్ర' వచ్చింది. చామనచాయ సరిత హీరోయిను. అది నలుపు తెలుపు చిత్రం. హాళ్ళు ఊగిపోయాయి. అంటే ప్రేక్షకుడికి నలుపంటే పేచీ లేదన్నమాట!

రంగుల్లో ఆ పని చేసినవాళ్ళు లేకపోలేదు. 'మనవూరి పాండవులు', 'శంకరాభరణం' ఛాయాగ్రాహకుడు బాలు మహేంద్ర ఉన్న వెలుతురులోనే మొహాన్ని చూపించేవాడు. ఆయన తమిళంలో తీసిన 'వీడు'లో అర్చన నటించింది. 1987 సంవత్సరానికి ఉత్తమనటిగా జాతీయ అవార్డు. మరుసటి ఏడాది బి.నరసింగరావు తెలుగులో తీసిన 'దాసి'. మళ్ళీ అర్చన, మళ్ళీ జాతీయ అవార్డు! అదే చిత్రానికి ఛాయాగ్రహణానికి ఎ.కె.బీర్‌కీ, కళాదర్శకత్వానికి చిత్రకారుడు తోట వైకుంఠానికీ జాతీయ అవార్డులొచ్చాయి. వైకుంఠం బొమ్మలు చూశారుగా? ఒంటినిండా నలుపు, నుదుటినిండా కుంకుమ, పసుపుపచ్చ చీర! తెలంగాణ ఆడవాళ్ళ నలుపుని దాచకుండా, దానికే పట్టంకట్టిన మనిషి ఆయన. గంగారం బయలుదేరే ముందు రాత్రి నేను వైకుంఠం బొమ్మలే చూస్తూ కూచున్నాను. రీళ్ళ పెట్టెమీద రాసింది చదివితే ఆ పాఠం రాదు.

"ఫొటోల ఒకతె, ఇంట్ల ఒకతె"

అవ్వకి డెబ్భై దాటి ఉంటాయి. సన్నగా, నిటారుగా, ఇప్పచెట్టు మాను రంగులో ఉంది. నన్ను చూసి నవ్వింది. మొహమంతా గీతలు లేచి నిలబడ్డాయి.

"ఏం బిడ్డా, గీ డబ్బతోనే తీస్తవా?"

"అవునవ్వా."

"గా కార్డుల ఉన్నది నేను గాదు. అది ఎవలో! నేను సచ్చినంక గోడకు నా ఫొటోనే ఉండాలె. ఇంకెవలదో ఉండొద్దు."

చూశారా! ఫొటో గురించి నేను చదివిన పుస్తకాలన్నీ ఈ ఒక్క ముక్క ముందు దిగదుడుపే.

అవ్వ వెనక ఒకమ్మాయి నిలబడి ఉంది. మనవరాలు. నర్సింగు చదివి ఉద్యోగానికి చూస్తోంది. కాసేపటికి టీ గ్లాసు ఇస్తూ మెల్లిగా అంది: "అన్నా, నాది కూడ ఒకటి తీస్తవా? తెల్లగ తియ్యొద్దు. నేనెట్లున్ననో గట్లనే రావాలె."

ఫొటోలు తీస్తూ ఇన్నేళ్ళు తిరిగాను. "కాస్త తెల్లగా తియ్యండి" అన్నవాళ్ళే అందరూ. "తెల్లగా వద్దు" అన్నవాళ్ళు లేరు. ఎందుకమ్మా అన్నాను.

సంగతేమిటంటే, కిందటి సంవత్సరం ఒక సంబంధం వచ్చింది. పట్నంలో ఒక స్టూడియోకి పోయి ఫొటో దిగింది. కంప్యూటర్లో మొహం సున్నం కొట్టినట్టు చేసిచ్చారు. ఆ ఫొటో చూసి అబ్బాయివాళ్ళు ఇష్టపడి ఇంటికొచ్చారు. గడపలో నిలబడి ఒకసారి ఫొటో వైపు, ఒకసారి అమ్మాయి వైపు చూశారు.

"ఫొటోల ఒకతె, ఇంట్ల ఒకతె అని చాయ తాగకుండనే లేచిపోయిండ్రన్నా" అంది. ఏడవలేదు. గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

పాఠకులారా! మీ ఫోనులో "బ్యూటీ" అని ఒక మీట ఉంటుంది. దాన్ని నొక్కేముందు ఈసారి ఆ చాయ గ్లాసులు గుర్తుతెచ్చుకోండి.

అడవి వెలుతురు

ఇక పనిలోకి దిగాం.

అడవి ఊళ్ళో వెలుతురు మాయదారిది. మిట్టమధ్యాహ్నం ఎండలో కళ్ళ కింద గోతులు పడతాయి. చెట్టు కింద కూచోబెడదామంటే ఆకుల మీంచి పడే వెలుతురు పచ్చగా ఉంటుంది. నల్లని చర్మం అద్దంలాంటిది, చుట్టుపక్కల రంగుని పట్టి చూపిస్తుంది. చింతచెట్టు కింద కూచోబెట్టారో, చెంపమీద పచ్చ మెరుపే! అందుచేత వసారాలో గడప పక్కన కూచోబెట్టాను. ఎదురుగా ఎర్రమట్టి వాకిలి. దానిమీద పడిన ఎండ వెచ్చగా తిరిగి మొహంమీదికి వస్తోంది. రెండోపక్క నీడ మరీ చిక్కబడకుండా మా పంతులు తెల్లపంచె విప్పదీసి పట్టుకున్నాడు. (కంగారుపడకండి, లుంగీలో ఉన్నాడు. అది ఉతికి ఆరేసిన పంచె.)

తర్వాత మీటరు. మీటరుకి మనుషులు తెలీరు. దేన్ని చూపించినా దాన్ని నడిమి బూడిదరంగుగా చెయ్యమంటుంది. నల్లని మొహాన్ని చూపిస్తే "ఇంకా వెలుతురు కావాలి" అని పాలిపోయేట్టు చేస్తుంది. వెనకాల తెల్లగోడని చూపిస్తే "వెలుతురు చాలు" అని మొహాన్ని బొగ్గు చేస్తుంది. పరిష్కారం సులువు. బూడిదరంగు కార్డొకటి మొహం దగ్గర పెట్టి దాన్ని కొలవాలి. ఆ కార్డు అవ్వ చేతికే ఇచ్చి, ప్రతి రీలులో మొదటి బొమ్మ అలాగే తీశాను. లాబ్‌వాళ్ళకి అదే నమూనా. అమెరికాకి షర్లీ, మాకు అవ్వ!

పోర్ట్రా 400ని నేను 200 రీలనుకుని వాడాను. అంటే ఒక స్టాపు వెలుతురు ఎక్కువ. రంగు నెగటివ్‌కి వెలుతురు కాస్త ఎక్కువైతే మొహం తెల్లబడిపోదు. ప్రింటు వేసేటప్పుడు దించుకోవచ్చు. తక్కువైతేనే ప్రమాదం. నీడల్లో ఏమీ రాదు, వచ్చిందాంట్లో గ్రెయిన్ తేలుతుంది. నల్లని చర్మంలో అందమంతా ఉండేది ఆ నీడల్లోనే కదా!

వసారాలో 2.8 దగ్గర షట్టరు సెకనులో 125వ వంతు వచ్చింది. అదే వెలుతురులో ఎక్టార్ 100కి 60వ వంతే. 85 లెన్సుతో చెయ్యి కదలకుండా పట్టుకోవాలంటే కనీసం 90వ వంతైనా ఉంటే నిశ్చింత. అంచేత ఎక్టార్ వంతు వచ్చేసరికి గడపకి ఆనుకుని ఊపిరి బిగబట్టాను. గోల్డ్ 200ని సాయంత్రానికి దాచాను. పొద్దు వాలాక అవ్వ వాకిట్లో నిలబడితే ఒళ్ళంతా బెల్లప్పాకంలా మెరిసింది.

అమ్మాయి మొహానికి ఏమీ రాసుకోలేదు. నూనె పెట్టి జడ వేసుకుంది. ఎర్రంచు పసుపు చీర. మొదటి నాలుగు బొమ్మల్లో చుబుకం కిందికి వంచేసింది. ఫొటో అనగానే తగ్గి నిలబడడం ఎవరో నేర్పినట్టు. అవ్వ కోయ భాషలో ఏదో గట్టిగా అరిచింది. నాకు అర్థంకాలేదుగానీ అమ్మాయి తల పైకెత్తి ఫక్కున నవ్వింది. అయిదో బొమ్మ అదే.

రీళ్ళు తిరిగొచ్చాయి

ఫిల్ముకి వేడంటే పడదు. వడకి రంగులు పక్కదారి పడతాయి. అందుకని తీసిన రీళ్ళని స్టీలు డబ్బాలో పెట్టి, నీడలో నీళ్ళకుండ పక్కనే ఉంచి, మర్నాడు బస్సెక్కాను. లాబ్‌కి పంపేటప్పుడు చీటీ రాసిపెట్టాను: "మొహాలు తెల్లబరచవద్దు. మొదటి బొమ్మలోని బూడిద కార్డుకి సరిచేస్తే చాలు." ఎందుకంటే ఎంత మంచి రీలు వాడినా, చివర స్కానింగు మిషన్ తనంతట తను "సరిదిద్దితే" కథ మొదటికొస్తుంది. ఫిల్ము ఎన్నుకోవడం సగం పని. మిగతా సగం ప్రింటు వేసేవాడిది.

పది రోజులకి వచ్చాయి. ఎక్టార్‌లో చీర అదరగొట్టింది. మోదుగు పూలు మండిపోయాయి. కానీ అవ్వ చెంపలు ఇటుకరంగుకి తిరిగాయి. గోల్డ్‌లో సాయంకాలపు బొమ్మలు ముద్దొచ్చాయి. అయితే అది ఎండ పూసిన రంగు, అవ్వ రంగు పూర్తిగా కాదు. వసారా నీడలో తీసినవాటిలో గ్రెయిన్ కాస్త పైకి తేలింది.

పోర్ట్రా? అవ్వ మొహంలోని ప్రతి గీతా ఉంది. నుదుటి మీద నీలపు మెరుపు, చెంపకింద ఎర్రటి మట్టి వెచ్చదనం, మెడ దగ్గర చిక్కటి గోధుమ. నలుపంటే ఒక రంగు కాదని, పది రంగుల కుటుంబమని ఆ బొమ్మ చెప్పింది. పంచె పట్టుకున్న మా పంతులి పుణ్యం కూడా అందులో ఉంది.

అలాగని అందరూ పోర్ట్రాయే కొనండని నేననడంలేదు. జేబు చూసుకోండి. మోదుగు చెట్లకి, పాకాల చెరువుకి ఎక్టార్ పెట్టుకోండి. పొద్దు వాలేవేళ స్నేహితులకి గోల్డు చాలు. నీడలో, నింపాదిగా ఒక మనిషి మొహం ఉన్నదున్నట్టు కావాలంటే మాత్రం మెత్తని రీలే కొనండి. ఫోనే ఉందా? ఫరవాలేదు. బ్యూటీ మీట ఆపి, గడప పక్కన కూచోబెట్టి, తెల్లపంచె పట్టండి. వెలుతురుకి డబ్బు అడిగేవాడు ఇంకా పుట్టలేదు.

రెండు పెద్ద ప్రింట్లు వేయించి పంతులు చేతికి పంపాను. అవ్వ తనది చూసుకుని, "ఇగ ఎప్పుడు పొయ్యినా ఫికరు లేదు" అందిట. గోడకి అప్పుడే కొట్టొద్దని ట్రంకు పెట్టెలో చీరల మధ్య దాచిందిట. మనవరాలి ఫొటో మళ్ళీ ఒక సంబంధం వాళ్ళకి పోయింది. జవాబు ఇంకా రాలేదు. వస్తుందో రాదో నేను చెప్పలేను. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఈసారి ఆ ఫొటో పట్టుకుని గంగారం గడపలో నిలబడేవాళ్ళు ఎవరైనా సరే, ఫొటోలో చూసిన పిల్లనే ఇంట్లో చూస్తారు.